పట్టాలో పగులు, ధమనిలో పూడిక

"ఈసీజీ తీయించాం. ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. అన్నీ నార్మల్ అన్నారు. నెల తిరక్కుండానే గుండెపోటు! అదెలా?"

ఏ తెలుగింట్లోనైనా ఎప్పుడో ఒకప్పుడు వినబడే ప్రశ్న ఇది. దాని వెనకే ఇంకోటి వస్తుంది: "ముందే పసిగట్టే స్కానింగు ఏదీ లేదా?" ఉంది. అయితే దాని కథ ఆసుపత్రిలో కాదు, ఉక్కు కార్ఖానాలో మొదలవుతుంది. అందుకే ఈ అధ్యాయంలో ముందు భిలాయ్ వెళ్దాం.

భిలాయ్ ప్లాంటు కోసం 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దల్లీ-రాజహరా గనుల్లోని ఇనుపరాయి కరిగి, ఉక్కయి, చివరికి రైలు పట్టాగా బయటికొచ్చే చోటు అది. ఉత్తరాంధ్ర నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ రైలెక్కి వెళ్లినవాళ్ల మనవలు ఇవాళ అక్కడి సెక్టార్లలో ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుతూ పెరుగుతున్నారు. మన రైళ్లు పరిగెత్తే పట్టాల్లో సింహభాగం అక్కడివే. అతుకు లేకుండా ఒకే ముక్కగా 130 మీటర్లు. రెంటిని కలిపి వెల్డు చేస్తే 260 మీటర్లు.

అంత పొడుగు పట్టా లోపల ఎక్కడో వెంట్రుకవాసి పగులు ఉందనుకోండి. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, కంటికి ఆనదు. రైలు దాని మీద ఇవాళా పోతుంది, రేపూ పోతుంది. పగులు మాత్రం చక్రాల దెబ్బకు కొంచెం కొంచెం పెరుగుతుంటుంది. ఏ చలికాలపు తెల్లవారుజామునో పట్టా పుటుక్కున విరుగుతుంది. నిన్నటిదాకా రైళ్లు సవ్యంగా నడిచాయి కాబట్టి పట్టా బాగుందనుకోవడం ఎంత సబబో, ట్రెడ్‌మిల్ పరీక్షలో నెగ్గాం కాబట్టి ధమనులు బాగున్నాయనుకోవడమూ అంతే సబబు.

పట్టా విషయంలో ఆ పొరపాటు జరగకుండా ప్లాంటులోనే అల్ట్రాసౌండ్‌తో, అంటే మన చెవికి అందని శబ్దంతో, లోపలంతా గాలిస్తారు. దారి మీద పరిచాక రైల్వేవాళ్లు అదే పరికరాన్ని చిన్న ట్రాలీకి బిగించి, తోసుకుంటూ మైళ్లకు మైళ్లు నడుస్తారు. వాళ్ల భాషలో దాని పేరు యూఎస్‌ఎఫ్‌డీ. గర్భిణికి కడుపు మీద, గుండె రోగికి ఛాతీ మీద, మనకిప్పుడు మెడ మీద పెట్టే స్కానింగు దీని సంతానమే.

ఉక్కు నుంచి ఒంటికి

శబ్దాన్ని లోహంలోకి పంపి లోపాన్ని పట్టవచ్చని 1928లో చెప్పినవాడు లెనిన్‌గ్రాడ్ శాస్త్రవేత్త సెర్గెయ్ సొకొలోవ్. శబ్దాన్ని తునకలు తునకలుగా పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని వినే పరికరాన్ని అమెరికాలో ఫ్లాయిడ్ ఫైర్‌స్టోన్ తయారుచేసి 1942లో పేటెంటు పొందాడు. యుద్ధకాలంలో ఓడల, విమానాల భాగాలను పరీక్షించడానికి ఇలాంటివి తెగ వాడారు. వైద్యులు ఆ తర్వాతే వచ్చారు. వచ్చి, అరువడిగారు.

స్వీడన్‌లోని లుండ్ ఊళ్లో ఇంగె ఎడ్లర్ అనే గుండె డాక్టరు ఉండేవాడు. గుండె కవాటాలు ఎలా కదులుతున్నాయో ఛాతీ కోయకుండా చూడాలన్నది ఆయన తపన. హెల్ముట్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్తను కలిశాడు. హెర్ట్జ్ పక్కనే ఉన్న మాల్మో రేవుకు వెళ్లి, ఓడల పలకల్లో లోపాలు వెతికే పరికరాన్ని తన ఛాతీకే ఆనించుకున్నాడు. తెర మీద ఒక చుక్క గుండెతో పాటు ముందుకూ వెనక్కీ ఊగింది. 1953 అక్టోబరు 29న వాళ్లు గుండె కదలికను మొదటిసారి నమోదు చేశారు. ఇవాళ మనం 'ఎకో' అంటున్నది అదే.

గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. ఈ స్త్రీవైద్య నిపుణుడు 1955లో ఆపరేషన్లలో తీసిన గర్భాశయపు గడ్డల్నీ, నీటితిత్తుల్నీ కారు డిక్కీలో వేసుకుని బాయిలర్లు తయారుచేసే ఫ్యాక్టరీకి తీసుకెళ్లాడు. పోల్చి చూసుకోవడానికి ఫ్యాక్టరీవాళ్లు పెద్ద గొడ్డుమాంసపు ముక్క ఇచ్చారు. గట్టి గడ్డా, నీళ్లున్న తిత్తీ వేర్వేరుగా ప్రతిధ్వనించాయి. 1958లో ఆయన బృందం లాన్సెట్ పత్రికలో వ్యాసం వేసింది. స్కానింగు యుగం అలా మొదలైంది.

కిటుకు చాలా సులువు. కరెంటు తగిలితే కంపించి, కంపిస్తే కరెంటు పుట్టించే స్ఫటికం ఒకటి కావాలి. ఈ గుణాన్ని 1880-81లోనే క్యూరీ సోదరులు ప్రయోగాలతో చూపించారు. మన చెవి సెకనుకు 20 వేల కంపనాల దాకా వినగలదు. పట్టాల పరీక్షకు సుమారు 20 నుంచి 40 లక్షల కంపనాలు, మెడ స్కానింగుకు 70 లక్షల నుంచి కోటి, ఆపైన వాడతారు. కంపనాలు పెరిగినకొద్దీ తరంగం పొట్టిదవుతుంది. పొట్టిదయ్యేకొద్దీ సూక్ష్మమైన తేడాలు దొరుకుతాయి, కానీ లోతుకు పోలేదు. కోటి కంపనాల దగ్గర ఒంట్లో తరంగం పొడవు ఇంచుమించు 0.15 మిల్లీమీటరు.

ఒక పదార్థం అయిపోయి ఇంకోటి మొదలయ్యే ప్రతిచోటా శబ్దం కొంత వెనక్కి వస్తుంది. ఉక్కులో శబ్దం సెకనుకు 5,900 మీటర్లు పోతుంది, మన కండలో 1,540 మీటర్లు. చర్మానికి రెండు సెంటీమీటర్ల లోతులో ధమని గోడ ఉంటే, శబ్దం వెళ్లి తిరిగి రావడానికి సెకనులో పది లక్షలో వంతులు ఓ 26 పడతాయి. ఆ వ్యవధిని కొలిచి యంత్రం దూరం కడుతుంది, అలాంటి చుక్కలు వేలకు వేలు పేర్చి బొమ్మ గీస్తుంది. గాలి అడ్డొస్తే మాత్రం శబ్దం దాదాపు మొత్తం అక్కడే వెనక్కి మళ్లుతుంది. అందుకే స్కానింగు ముందు చల్లగా జెల్లీ పూస్తారు. పట్టాల ట్రాలీ మీద నీళ్ల డబ్బా ఎందుకుంటుందో కూడా ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

దారి కాదు, గోడ

మళ్లీ మొదటి ప్రశ్నకొద్దాం. అన్నీ నార్మల్ అయినా పోటు ఎందుకొచ్చింది?

ధమని గోడకు మూడు పొరలు: లోపొర, నడిపొర, పైపొర. రక్తంలోని చెడు కొవ్వు, అంటే ఎల్‌డీఎల్, లోపొర కిందకు జారి చేరుతుంది. దాన్ని మింగడానికి వచ్చిన రక్షక కణాలు మింగి మింగి అక్కడే కుప్పకూలతాయి. కొవ్వు, చచ్చిన కణాలు, పీచు, కొన్నాళ్లకు సున్నం అన్నీ కలిసి గోడలో ఉబ్బు తేలుతుంది. డాక్టర్లు ప్లాక్ అనేది దీన్నే. మనం పూడిక అనుకుందాం. జనం 'బ్లాక్' అనే మాట వాడతారు కానీ, ఇది మొదట్లో దేన్నీ బ్లాక్ చేయదు. చిక్కంతా అక్కడే ఉంది.

1987లో అమెరికన్ వైద్యుడు సేమూర్ గ్లాగోవ్, ఆయన సహచరులు చనిపోయినవారి గుండె ధమనులను కోసి పరిశీలించారు. పూడిక పెరుగుతుంటే ధమని కూడా బయటివైపు సాగుతోంది. పూడిక దాదాపు 40 శాతం చోటు ఆక్రమించేదాకా రక్తం నడిచే దారి ఇరుకు కావడం లేదు! అంటే పదీ పదిహేనేళ్లు జబ్బు గుట్టుగా పెరిగినా రక్తం మామూలుగానే పారుతుంది. ఈసీజీ చూసేది గుండెలోని విద్యుత్తును. ట్రెడ్‌మిల్ చూసేది, శ్రమపడ్డప్పుడు రక్తం చాలుతోందా లేదా అన్నది. రెండూ దారి ఇరుకైతేనే పసిగడతాయి. యాంజియోగ్రామ్‌లో రంగు మందు దారిలోనే పారుతుంది కాబట్టి అదీ గోడను నేరుగా చూపదు. గుండెపోట్లలో చాలావాటికి మూలం పెద్ద ఇరుకు కూడా కాదు. మెత్తటి పూడిక మీది పలుచటి పొర చిట్లుతుంది, అక్కడ రక్తం గడ్డకడుతుంది, నిమిషాల్లో దారి మూసుకుపోతుంది.

అల్ట్రాసౌండ్ గోడనే చూస్తుంది. 1986లో ఇటలీలోని మిలాన్‌కు చెందిన పావొలో పిన్యోలి బృందం ధమని స్కానింగు బొమ్మలో రెండు సన్నటి తెల్లగీతలు సమాంతరంగా కనబడటం గమనించింది. ఒకటి రక్తం ఆగి లోపొర మొదలయ్యే అంచు, రెండోది నడిపొర ముగిసి పైపొర మొదలయ్యే అంచు. రెంటి మధ్య ఎడం అంటే లోపొర, నడిపొరల ఉమ్మడి మందం. రిపోర్టుల్లో 'ఐఎంటీ' అని రాసేది దీన్నే. నడివయసులో ఇది ఒక మిల్లీమీటరుకు లోపే ఉంటుంది. వయసుతో అందరికీ కాస్త పెరుగుతుంది. బీపీ, షుగరు ఉంటే ఇంకా పెరుగుతుంది. చెన్నైలో జరిగిన అధ్యయనం ఒకటి 2000లో వెలువడింది. షుగరు ఉన్నవారిలో సగటు మందం 0.95, లేనివారిలో 0.74 మిల్లీమీటర్లు.

మరి గుండె కోసం మెడెందుకు?

గుండె ధమనులు మూడు నాలుగు మిల్లీమీటర్ల సన్నటివి. పక్కటెముకల వెనక, గాలి నిండిన ఊపిరితిత్తుల చాటున, క్షణం ఆగకుండా కదిలే గుండెకు అంటిపెట్టుకుని ఉంటాయి. బయటి నుంచి శబ్దంతో వాటి గోడను కొలవడం కుదిరే పని కాదు. మెడలో దవడ కింద వేలు పెడితే కొట్టుకునే కెరోటిడ్ ధమని అలా కాదు. వెడల్పు ఆరు మిల్లీమీటర్లకు అటూ ఇటూ, చర్మానికి దగ్గర, కదలిక తక్కువ. పైగా అది దవడ కింద రెండుగా చీలుతుంది. చీలిక దగ్గర రక్తం సూటిగా పోక సుడులు తిరుగుతుంది. పూడిక ఇష్టపడే చోటు అదే. కొవ్వు చేరే జబ్బు ఒంట్లోని పెద్ద ధమనులన్నిటిదీ కాబట్టి, మెడలో కనబడితే గుండెలోనూ ఉండే అవకాశం ఎక్కువని అర్థం. లేకపోతే గుండెలో లేదని మాత్రం కాదు.

మెడ ఒక్కటే చాలదేమోనని స్పెయిన్‌వాళ్లు తొడలు కూడా చూశారు. మాడ్రిడ్‌లో శాంటాండర్ బ్యాంకులో పనిచేసే 40 నుంచి 54 ఏళ్లవారిని, ఏ గుండెజబ్బూ లేనివారిని, 4,184 మందిని ఎంచుకున్నారు. మెడ, పొట్ట, తొడల ధమనులకు స్కానింగు తీశారు. గుండె ధమనుల్లోని సున్నాన్ని సీటీతో లెక్కించారు. 2015లో ఫలితాలు వచ్చాయి. 63 శాతం మందిలో ఎక్కడో ఒకచోట జబ్బు కనబడింది. గజ్జల్లో, తొడల్లో 44 శాతానికి, మెడలో 31 శాతానికి, గుండెలో 18 శాతానికి. మామూలు లెక్కల ప్రకారం 'ముప్పు తక్కువ' అనిపించుకున్నవారిలోనూ సగానికి పైగా దొరికిపోయారు.

ఈ అధ్యయనం గురించి చదివినప్పుడల్లా నాకు భిలాయ్ గుర్తొస్తుంది. ఒకే యాజమాన్యం కింద, నైట్ షిఫ్టులతో పనిచేసే వేలమంది, వాళ్లందరికీ సెక్టార్ 9లో జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి. ఏళ్ల తరబడి ఒకే జనాన్ని గమనించాలంటే ఇలాంటి ఊరే అనువు. మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న పట్నాన్ని 1948 నుంచి వదలకుండా గమనించబట్టే బీపీ, కొలెస్ట్రాల్, పొగ తాగడం గుండెను ఏం చేస్తాయో ప్రపంచానికి గట్టిగా తెలిసింది.

తెలుగు నేల మీద ఆ పని కొంత జరిగింది. 1987-90లో హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో కొన్నిచోట్ల గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు తిండి పెట్టి, మిగతా పల్లెలతో పోల్చారు. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ పిల్లల్నే పెద్దయ్యాక వెతికి పట్టుకున్నారు, తల్లిదండ్రులను కూడా కలుపుకున్నారు. మెడ ధమనులకు స్కానింగు తీశారు. ఆ కొలతలతో 2020లో వచ్చిన ఒక వ్యాసం గాలిలోని సన్నధూళిని, వంటపొయ్యి పొగను లెక్కలోకి తీసుకుంది. పొగ బయటికి పోయే దారిలేని పొయ్యి మీద కట్టెలతో వండే ఆడవాళ్లలో ధమని గోడ ఎక్కువ మందంగా ఉంది. చాలావరకు సిగరెట్టు మొహం చూడని తల్లుల సంగతి ఇది.

అందరికీ తీయాలా?

కెరోటిడ్ డాప్లర్ అనే మెడ స్కానింగును కలిపి అమ్మే 'ఫుల్ బాడీ చెకప్' ప్యాకేజీలు ఇప్పుడు ఊరూరా ఉన్నాయి. నొప్పి లేదు, రేడియేషన్ లేదు, పావుగంటలో అయిపోతుంది. తీయించుకుంటే పోయేదేముంది?

రైల్వేవాళ్లు పట్టాలన్నిటినీ ఒకే వరుసలో పరీక్షించరు. ఏ దారి మీద ఎన్ని లక్షల టన్నుల బరువు నడిచిందో లెక్క కట్టి, బరువు మోసిన దారిని తొందరగా, మోయనిదాన్ని నింపాదిగా పరీక్షిస్తారు. లోపం దొరికాక ఏం చేయాలో కూడా ముందే రాసి ఉంటుంది. 'ఐఎంఆర్' అని గుర్తు పెడితే వెంటనే తీసేయాలి. 'ఓబీఎస్' అంటే కనిపెట్టి ఉండాలి. దొరికినదానితో ఏం చేయాలో తెలియని పరీక్షకు వాళ్లు ట్రాలీ తోయరు.

ఐఎంటీ కొలత ఈ గీటురాయి దగ్గర తడబడింది. 2010లో అమెరికా హృద్రోగ సంఘాలు, ముప్పు మధ్యస్థంగా ఉన్నవారికి ఇది సహేతుకమే అన్నాయి. 2012లో 14 అధ్యయనాలను, 45 వేల పైచిలుకు మందిని కలిపి చూశారు. వయసు, బీపీ, కొలెస్ట్రాల్, షుగరు, పొగ అలవాటు తెలిశాక మందం కొలత కొత్తగా చెప్పేది నామమాత్రమని తేలింది. 2013కల్లా అవే సంఘాలు మామూలుగా వాడొద్దనేశాయి. పూడిక సంగతి వేరు. యూరప్ నిపుణులు 2021లోనూ, మందాన్ని కొలవడం అనవసరమంటూనే, గుండెకు సీటీ వీలుకానిచోట మెడలో పూడిక ఉందో లేదో చూసి ముప్పు అంచనాను సవరించుకోవచ్చన్నారు. నా మట్టుకు నాకు ఇదే సబబనిపిస్తుంది. గోడ మందం వయసుతో, బీపీతో ఎవరికైనా పెరుగుతుంది. పూడిక ఉంటే మాత్రం జబ్బు మొదలైనట్టే.

ఇక్కడ మన విషయంలో ఒక మెలిక ఉంది. అనేక దేశాలను పోల్చిన అధ్యయనంలో మొదటి గుండెపోటు వచ్చే నడిమి వయసు దక్షిణాసియావారికి 53 ఏళ్లు, మిగతావారికి దాదాపు 59. తెల్లవారి కోసం తయారైన ముప్పు పట్టికలు మనల్ని తక్కువగా అంచనా వేయవచ్చు. నలభై అయిదేళ్ల మనిషి, కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువ, తండ్రికి యాభైలోపే పోటు వచ్చింది, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేయాలా వద్దా అని డాక్టరే ఊగిసలాడుతున్నాడు. అలాంటప్పుడు పూడిక కనబడటమో కనబడకపోవడమో నిర్ణయాన్ని తేలుస్తుంది. షుగరూ బీపీ రెండూ ఉన్న అరవై ఏళ్లాయనకు ఎలాగూ మందులు పడాల్సిందే. ఆయనకు స్కానింగు కొత్తగా చెప్పేదేమీ లేదు.

స్కానింగుకు ఇంకో ఉపయోగం ఉంది, దాన్ని వైద్యులు మొదట్లో ఊహించలేదు. స్వీడన్‌లోని వెస్టర్‌బొట్టెన్ ప్రాంతంలో 3,532 మందికి మెడ స్కానింగు తీసి, సగం మందికి, వాళ్ల డాక్టర్లకు ఆ బొమ్మను రంగులతో గీసి పంపారు. మిగతా సగానికి పంపలేదు. ఏడాది తర్వాత, బొమ్మ చూసినవారి ముప్పు లెక్క తగ్గింది, చూడనివారిది పెరిగింది. 2019లో అచ్చయిన ఫలితం ఇది. 'కొలెస్ట్రాల్ 230' అన్న అంకె కదిలించనివాణ్ణి తన మెడలోని మచ్చ కదిలించిందన్నమాట.

రిపోర్టు చేతికొచ్చాక

మెడలో పూడిక ఉందనగానే కత్తి పట్టుకోవాలా? పట్టాతో పోలిక ఇక్కడ తెగిపోతుంది. లోపమున్న పట్టాను కోసి కొత్త ముక్క అతుకుతారు. ధమనిలో చాలామందికి ఆ అవసరం రాదు. ఎల్‌డీఎల్‌ను బాగా తగ్గిస్తే పూడికలోని మెత్తటి కొవ్వు తగ్గి, పైపొర గట్టిపడి, చిట్లే గుణం తగ్గుతుంది. ఉక్కుకు ఆ భాగ్యం లేదు.

దారి ఎంత ఇరుకైందో చెప్పేది డాప్లర్. ఎర్రకణాలకు తగిలి వచ్చిన శబ్దంలో మార్పును బట్టి రక్తం వేగాన్ని లెక్కిస్తుంది. ఇరుకుచోట రక్తం ఉరుకుతుంది. మెదడుకు వెళ్లే శాఖలో ఆ వేగం సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే సగం మూసుకుందనీ, 230 దాటితే 70 శాతం పైన అనీ సాధారణంగా అంచనా కడతారు. ఏ ఇబ్బందీ లేనివారందరికీ ఈ ఇరుకు కోసం స్కానింగు వద్దని అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం 2014లో ఒకసారి, 2021లో మరోసారి చెప్పింది. దొరికే ఇరుకులు తక్కువ, తప్పుడు హెచ్చరికలు ఎక్కువ, వాటి వెంట జరిగే ఆపరేషన్లలో పక్షవాతమే రావచ్చు. అదే, మూతి ఒక్కసారి వంకరపోయి సర్దుకున్నా, చేయి కాసేపు పట్టుతప్పినా, ఒక కన్ను కొన్ని నిమిషాలు మసకబారినా లెక్క మారిపోతుంది. అప్పుడది ముందస్తు పరీక్ష కాదు, అత్యవసరం. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

మెడ స్కానింగుకు వెళ్లినా గోడ మీద 'ఇక్కడ లింగనిర్ధారణ చేయబడదు' అనే బోర్డు కనబడుతుంది. 1994 నాటి చట్టం ప్రకారం యంత్రం ప్రతిదీ రిజిస్టరు కావాలి, ఎక్కడికి పడితే అక్కడికి మోసుకుపోకూడదు. ఆడపిల్లల ప్రాణం కోసం వచ్చిన చట్టం. వచ్చిన కారణం న్యాయమైనదే. కానీ ఫ్యాక్టరీ దగ్గరో, కాలనీ శిబిరంలోనో ధమనులు చూద్దామనుకునేవారికి అదొక అడ్డంకి.

రిపోర్టులో ముందు 'ప్లాక్' అన్న మాట వెతకండి. గోడ ఒకచోట పక్క భాగం కంటే కనీసం అర మిల్లీమీటరు గాని, సగం వంతు గాని లోపలికి పొడుచుకొస్తేనో, లేదా మందం 1.5 మిల్లీమీటర్లు దాటితేనో దాన్ని ప్లాక్ అనాలని జర్మనీలోని మాన్‌హైమ్‌లో నిపుణులు కుదుర్చుకున్నారు. మందం విషయంలో కొందరు ఆరు నెలలకోసారి తీయించి, 0.82 కాస్తా 0.78 అయిందని సంబరపడతారు. ఆ గోడ సగటున ఏడాదికి మిల్లీమీటరులో వందో వంతు చొప్పున మందమవుతుంది. ప్రోబు కాస్త పక్కకు వంగినా, కొలిచే మనిషి మారినా వచ్చే తేడా అంతకు ఎన్నో రెట్లు. మందు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి స్కానింగు అక్కర్లేదు. స్టాటిన్ మొదలుపెట్టిన ఒకటి నుంచి మూడు నెలల్లోపు ఎల్‌డీఎల్ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది.